నాలుగు నెలలు రోజూ చూసిన మనిషి లిఫ్ట్‌లో ‘ఏ ఫ్లోర్?’ అన్నాడు

రోటోగీతలు
రోటో ఆర్టిస్ట్‌ని. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: తెర మీది మనిషి చుట్టూ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గీత గీసి, వెనకున్న దృశ్యం నుంచి అతన్ని విడదీయడం మా పని. సెకనుకి 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాట్ అంటే అదే మనిషిని, అదే చేతిని 120 సార్లు చూడాలి. ఒక్కో వేలికి ఒక్కో షేప్.

పోయినేడు ఒక సినిమాకి ఒకే నటుడి మీద నాలుగు నెలలు కూర్చున్నాను. ఫైట్ సీక్వెన్స్. సగానికి పైగా షాట్లు వెనక నుంచో పక్క నుంచో తీసినవే, చేతులే ఎక్కువ. దెబ్బ వేసేముందు ప్రతిసారీ కుడిచేతి బొటనవేలితో ఉంగరం వేలి కొసని ఒక్కసారి రుద్దుతాడాయన. పది పన్నెండు ఫ్రేములు, అరసెకను. మామూలుగా చూస్తే కనిపించదు కూడా. ఆ కాసేపట్లో వేళ్లు ఒకదాని మీదొకటి పడి నా ప్రాణం తీశాయి. మొదటి నెల తిట్టుకున్నాను. రెండో నెలకి, ఏ షాట్‌లోనైనా ఆ రుద్దుడు లేకపోతే ఏదో వెలితిగా ఉండేది. ఇంట్లో నేనూ అలాగే రుద్దుతున్నానని మా ఆవిడ పట్టుకుంది.

నిన్న ఆయన మా బిల్డింగ్‌లోని డబ్బింగ్ థియేటర్‌కి వచ్చాడు. లిఫ్ట్‌లో ఇద్దరమే. “ఏ ఫ్లోర్?” అన్నాడు. “నాలుగు” అన్నాను. అంతే, దిగిపోయాను. నిజానికి నాది ఆరు.

వచ్చే వారం మళ్లీ వస్తాడట. చెప్పాలా, వద్దా? నాకు మాత్రం దగ్గరి చుట్టం నన్ను గుర్తుపట్టనట్టు అనిపించింది. ఈ పనిలో మీకెవరికైనా ఇలాంటి పరిచయాలు (పరిచయం అనొచ్చా అసలు?) తగిలాయా?

రెండర్_99శాతం
ఇది పరిచయం కాదు బ్రో, ఒన్ సైడ్. మొదటి వరసలో కూర్చున్న అభిమానికీ మీకూ ఒకటే తేడా, మీకు జీతం వస్తుంది. ఆలస్యంగా.

కీఫ్రేమ్_కుమారి
రెండర్ గారూ, అభిమానికి కనిపించేది ఆయన చూపించాలనుకున్నదే. ఆ వేలు రుద్దడం ఆయన ఎవరికీ చూపించాలనుకోలేదు. అది చూసినవాడిని అభిమాని అంటే ఎలా? చెప్పెయ్యండి రోటో గారూ. మహా అయితే నవ్వుతాడు.

ఎడిట్‌టేబుల్
చెప్పొద్దు. దెబ్బ తిన్నవాడి మాట వినండి.

యాక్షన్ చెప్పకముందు, కట్ చెప్పాక నటులు ఏం చేస్తారో ఎడిటర్‌కి తెలిసినంతగా ఇంట్లోవాళ్లకి కూడా తెలీదు. ఒక సీనియర్ నటి ఉండేవారు. ప్రతి టేక్‌కీ ముందు కళ్లు మూసుకుని, పెదవులు కదిలీ కదలనట్టు ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టుకునేవారు. మూడు సినిమాలు ఆవిడవి కోశాను. అయిదు అనగానే ముఖం మారిపోయేది, అది చూడ్డం నాకు భలే ఇష్టం. ఒక ఫంక్షన్‌లో ఎదురుపడితే, మెచ్చుకుంటున్నాననే అనుకుని ఆ సంగతి అనేశాను. ఆవిడ మొహం మాడిపోయింది. తర్వాతి సినిమా ఫుటేజ్ వచ్చింది కదా, ప్రతి టేక్‌లోనూ యాక్షన్ చెప్పేదాకా కెమెరాకి వీపు తిప్పి నిలబడ్డారు. నాకు కట్ చేసుకోవడానికి ముందున్న ఆ పది ఫ్రేములూ పోయాయి. అయిదు లెక్కపెట్టడమూ పోయింది.

రెండర్_99శాతం
పరిచయం పెంచుకుని పది ఫ్రేములు పోగొట్టుకున్న ఏకైక ఎడిటర్.

కొత్తగాచేరా
యానిమేషన్ కోర్సులో ఈ ఏడే చేరాను. మా సార్ రోజూ ‘కనెక్షన్లు పెంచుకోండి, పని ఇప్పించేది అవే’ అంటారు. ఇక్కడేమో అందరూ వేలు, అయిదు అంకె అంటున్నారు. ఏ కనెక్షన్ల గురించి మాట్లాడుతున్నాం?

పాతపెన్సిల్
కొత్తగాచేరా, మీ సార్ చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ రకం పరిచయాలు నాకొక్కటీ నిలవలేదు. నిలిచింది వేరేది, చెప్తాను విను.

కాగితం మీద గీసే రోజుల్లో నేను ఇన్-బిట్వీనర్‌ని. కీ డ్రాయింగులు, అంటే కదలికలో ముఖ్యమైన బొమ్మలు, వేరే దేశంలోని స్టూడియో నుంచి పెట్టెల్లో వచ్చేవి. మధ్యలో బొమ్మలు నింపి తిరిగి పంపడం మా పని. కాగితం అంచున నిచ్చెనలా ఒక టైమింగ్ చార్ట్ ఉంటుంది, ఏ రెండు బొమ్మల మధ్య ఎన్ని రావాలో చెప్పేది. ఒకసారి వెనక్కి వచ్చిన నా బొమ్మ మీద, ఆ చార్ట్ కింద నీలం పెన్సిల్‌తో ఒక బొటనవేలు గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. బొటనవేలు తప్పు గీశానని. తప్పే మరి. సరిచేసి, ఆ ప్రశ్నార్థకం పక్కన ఏడుపు మొహం ఉన్న బుల్లి బొటనవేలు గీశాను, అదీ నీలంతోనే. (నీలం ఎందుకంటే ఆ లేత నీలాన్ని కాపీ మెషిన్ పట్టుకోదు. తప్పులు, తిట్లు అన్నీ నీలంలోనే నడిచేవి.)

తర్వాతి పెట్టెలో ఆ బొటనవేలికి కట్టు కట్టి పంపారు.

అలా మొదలైంది. రెండున్నరేళ్లు సాగింది. ఆ మనిషి భాష నాకు రాదు, నా భాష వాళ్లకి రాదు. అక్షరం రాసుకోలేదు. బొటనవేలికి జలుబు చేసింది, గొడుగు కొనుక్కుంది, పెళ్లి చేసుకుంది, చిటికెనవేలు పుట్టింది. మా సూపర్‌వైజర్ చూస్తే ఉద్యోగం ఊడేది. అవతల కూడా అంతేనట, తర్వాత తెలిసింది. ఒకరోజు సీరీస్ అయిపోయింది, పెట్టెలు రావడం ఆగిపోయింది. పేరు తెలీదు, ఆడో మగో తెలీదు. నేనైతే ఎవరో పెద్దాయన అనుకునేదాన్ని, గీత అంత నిదానంగా ఉండేది.

పదకొండేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో ఆనెసీ యానిమేషన్ ఉత్సవానికి వెళ్లాను. బ్యాడ్జి మీద పేరు చిన్నదిగా ఉందని పక్కన ఖాళీలో అలవాటుగా కట్టు కట్టిన బొటనవేలు గీసుకున్నాను. కాఫీ లైన్లో నా వెనకున్న అమ్మాయి నా బ్యాడ్జి పట్టుకుని వదలదే! నాకంటే ఆరేళ్లు చిన్న. అది ఆమె మొదటి ఉద్యోగమట. రెండు గంటలు టిష్యూ కాగితాల మీద గీసుకున్నాం. ఇప్పుడు ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఉంది. పెట్టుకుని మాట్లాడాం ఒకసారి. వాతావరణం గురించి, మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడుకుని విసుగొచ్చి ఆపేశాం. మళ్లీ బొమ్మలే.

కొత్తగాచేరా
సార్, ఆ కట్టు బొమ్మ ఫొటో ఒకటి పెట్టండి ప్లీజ్.

పాతపెన్సిల్
సార్ కాదు, మేడమ్‌ని. బొమ్మలన్నీ స్టూడియో సొత్తు, పెట్టెలతో పాటే పోయాయి. ఒక్కటి మాత్రం నా దగ్గర ఉంది. ఎలా ఉందో అడగొద్దు, చూపించను.

వేదిక_నిర్వాహకుడు
విడుదల కాని సినిమాల షాట్ వివరాలు రాయొద్దు. మీరు సంతకం పెట్టిన రహస్య ఒప్పందాలకి మీదే పూచీ. రోటోగీతలు గారూ, మీ సినిమా రిలీజ్ అయిందా?

రోటోగీతలు
అయింది, పోయింది కూడా. నిశ్చింతగా ఉండండి.

గొంతుమాత్రమే
డబ్బింగ్ ఆర్టిస్ట్‌ని. రోటో గారి బాధ మాకు తిరగేసి ఉంటుంది. జనానికి మా గొంతు తెలుసు, మొహం తెలీదు.

ఒక కార్టూన్‌లో ఉడతకి ఏడేళ్లుగా చెప్తున్నా. అప్పట్లో ఒకసారి ఇంటర్నెట్ రావడం లేదని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. కోపంలో నా గొంతు సన్నబడి ఉడత పైకొచ్చేస్తుంది, అది నా ఖర్మ. అవతలాయన సగంలో ఆగి, “మేడమ్, ఒక్క నిమిషం, మీరు ఉడతా?” అన్నాడు. అవునన్నాను, ఇంకేం చెప్పను. వాళ్ల పాపకి నాలుగేళ్లట, రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వదట. ఉడత చెప్తే వింటుందేమోనని అడిగాడు. ఆ రాత్రి వాళ్ల ఫోన్‌కి వాయిస్ మెసేజ్ పంపాను, ‘నేను చెట్టు తొర్రలో చీకట్లోనే పడుకుంటా, నాకు భయం లేదు’ అని. ఇప్పుడు ఆ పాప మూడో తరగతి. తెలివిమీరింది. ‘ఉడతా, ఈసారి లెక్కల్లో తక్కువొచ్చాయి, నాన్నకి నువ్వే చెప్పు’ అని రాయబారాలు పంపుతుంది.

ఇంటర్నెట్ మాత్రం ఆ తర్వాత కూడా మూడు రోజులు రాలేదు.

రెండర్_99శాతం
ఉడత గారూ, మా హెచ్ఆర్‌కి కూడా ఒక వాయిస్ మెసేజ్ పంపుతారా.

ఎడిట్‌టేబుల్
గొంతుల మాటొచ్చింది కాబట్టి: మిక్కీకి ఏళ్ల తరబడి గొంతు ఇచ్చిన వేన్ ఆల్‌వైన్, మిన్నీకి గొంతు ఇచ్చిన రసీ టేలర్ 1991లో నిజంగానే పెళ్లి చేసుకున్నారు. ఆయన 2009లో పోయాక కూడా ఆవిడ మిన్నీగా కొనసాగారు, 2019లో పోయేదాకా. ఆ పదేళ్లూ ఎదుటి మైకులో వేరే మిక్కీ. ఆ రికార్డింగులు ఎవరు ఎడిట్ చేశారో గానీ, నేనైతే చెయ్యలేకపోయేవాణ్ని.

గొంతుమాత్రమే
మెల్ బ్లాంక్ సంగతి ఇంకో రకం. బగ్స్ బన్నీ అనే కార్టూన్ కుందేలుతో పాటు ఎన్నో పాత్రలకి ఆయనే గొంతు. 1961లో కారు ప్రమాదమై కోమాలో ఉన్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. చివరికి డాక్టర్ బగ్స్ బన్నీని పలకరించినట్టు పలకరిస్తే, బగ్స్ గొంతుతో జవాబు వచ్చింది. అదెలాగని మా ఇంట్లో అందరూ ఆశ్చర్యపోతారు. నాకు ఆశ్చర్యంగా ఉండదు. నాకు జ్వరమొస్తే ముందు మూలిగేది ఉడతే.

రెండర్_99శాతం
అందరూ తీపి కథలే చెప్తున్నారు, నేను చేదు చెప్తా. మా ప్రాజెక్ట్‌లో 40 మందిమి. ఎనిమిది నెలలు ఇంటి మొహం చూడలేదు, ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయాం. ‘మనం ఫ్యామిలీ’ అని పోస్టర్ కూడా అంటించారు. డెలివరీ అయిన వారానికి సగం మందిని తీసేశారు, ఈమెయిల్‌లో. వాట్సాప్ గ్రూపులో మొదటి వారం ‘టచ్‌లో ఉందాం’, రెండో వారం పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆ తర్వాత ఒకడు పెట్టే గుడ్ మార్నింగ్ గులాబీ. వాడు కూడా మానేశాడు. సినిమా ఉన్నంతసేపే బంధం. మేడమ్ గారి బొటనవేలు లక్షలో ఒకటి.

పాతపెన్సిల్
లక్షలో ఒకటే, కాదనను. కానీ పని అయిపోతే అంతా అయిపోతుందంటే మాత్రం ఒప్పుకోను. డిస్నీలో ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అని ఇద్దరుండేవాళ్లు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునేటప్పుడు పరిచయం. ఇద్దరూ 1930లలోనే స్టూడియోలో చేరారు, పక్కపక్క ఇళ్లు కట్టుకున్నారు, రిటైరయ్యాక కలిసి యానిమేషన్ మీద 1981లో పుస్తకం రాశారు. మేమందరం దాన్ని చూసే నేర్చుకున్నాం. ఫ్రాంక్ 2004లో పోయారు, ఆలీ 2008లో. డెబ్బై ఏళ్ల స్నేహం.

రెండర్_99శాతం
వాళ్లది పర్మనెంట్ ఉద్యోగం మేడమ్. పక్కపక్కన ఇల్లు కట్టుకున్నారంటే మరి! మాది ఆర్నెల్ల కాంట్రాక్ట్. ఇల్లు సంగతి వదిలెయ్యండి, పక్కపక్క కుర్చీలు కూడా ఉంచరు.

పాతపెన్సిల్
అది మాత్రం నిజమే నాయనా. నా దగ్గర జవాబు లేదు.

మట్టిబొమ్మ
స్టాప్ మోషన్. బొమ్మని ఒక ఫ్రేమ్‌కి ఒక రవ్వ కదిపి ఫొటో తీయడం, మళ్లీ కదపడం. రోజంతా చేస్తే కొన్ని సెకన్లు వస్తాయి.

నేను చేరినప్పుడు సగం అయిన షార్ట్ ఫిల్మ్ ఒకటి నా చేతిలో పెట్టారు. అంతకుముందు చేసినావిడ మానేశారట. క్లే బొమ్మ చెవి వెనక ఒక బొటనవేలి ముద్ర ఉంది, నున్నగా చేయడం మర్చిపోయినట్టుంది. చెరిపేద్దామని తడి చెయ్యి వేసి, ఎందుకో ఆగిపోయాను. కెమెరాకి కనిపించదులే అని వదిలేశాను. ఏడు నెలలు ఆ చెవి పట్టుకుని తల తిప్పేవాణ్ని, నా వేలు సరిగ్గా ఆ ముద్రలో పడేది. ఆమె పట్టు నాకంటే కొంచెం కిందకి ఉంటుంది, తల వంచినప్పుడు మెడ విరగకుండా. అలా పట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు, ముద్రే చెప్పింది. ఇప్పుడు ఆమె నా పక్క టేబుల్ దగ్గరే చేస్తోంది. ఈ సంగతి చెప్తే ‘అదా, ఆరోజు చాలా కోపంగా ఉన్నాలే’ అంది.

రెండర్ అన్నకి ఒక మాట. వాలెస్ అండ్ గ్రోమిట్ అనే మట్టిబొమ్మల సినిమాలు తీసిన నిక్ పార్క్ ఇంకా స్టూడెంట్‌గా ఉన్నప్పుడు, తన డిప్లొమా సినిమాలో వాలెస్ పాత్రకి గొంతు ఇవ్వమని పీటర్ సాలిస్ అనే పేరున్న నటుణ్ని అడిగాడు. ఆయన తనకిష్టమైన చారిటీకి 50 పౌండ్లు ఇస్తే చాలని చెప్పి వచ్చాడు. ఆ సినిమా 1989కి గానీ పూర్తవలేదు, అన్నేళ్లు పట్టింది. కుర్రాడు ఏమైపోయాడో అనుకునే ఉంటాడు పెద్దాయన. తీరా అదే వాలెస్ పాత్రకి 2010 దాకా ఆయనే గొంతు. ఒప్పుకునేటప్పుడు ఇద్దరిలో ఎవరికీ తెలీదు కదా అది ఎంత దూరం వెళ్తుందో.

అడుగులచప్పుడు
ఆలస్యంగా చూశాను, ఫోలీలో ఉంటాను. తెర మీద మనిషి నడుస్తుంటే చూస్తూ, మేం మైకు ముందు చెప్పులు, బూట్లు మార్చుకుని అడుగుల చప్పుడు చేస్తాం. మొహాలు మాకు పట్టవు, పాదాలే.

రోటో అన్నా, ఒక అనుమానం. ఫైట్ సీక్వెన్స్, వెనక నుంచి, చేతులే ఎక్కువ అన్నావు. అది నేననుకుంటున్న సినిమానే అయితే, దాని ఫోలీ మా ఫ్రెండ్ చేశాడు, నేను సాయం వెళ్లాను. మాటలున్న సీన్లలో హీరో మడమ ముందు ఆనించి నడుస్తాడు. ఫైట్‌లో చాలా షాట్లలో మునివేళ్ల మీద దిగుతున్నాడు, కుడికాలు కాస్త బరువుగా. బూటు ఒకటే గానీ లోపలున్న కాలు ఒకటి కాదని మేమిద్దరం అప్పుడే అనుకున్నాం. నువ్వు నాలుగు నెలలు చూసింది ఆయన్నేనా?

రోటోగీతలు
నాలుగు నెలలు చూశానండీ. 61 షాట్లు. నాకు తెలీదా? పక్క నుంచి తీసినవాటిలో దవడ కూడా కనిపిస్తుంది.

అడుగులచప్పుడు
సరే. కాళ్లు చూశావా?

రోటోగీతలు
కాళ్లు వేరే ఆర్టిస్ట్‌కి ఇచ్చారు.

రెండర్_99శాతం
😂😂 పాపం.

కీఫ్రేమ్_కుమారి
ఇద్దరూ ఆగండి, నాదొకటి. నడక మాటొచ్చాక ఆగలేకపోతున్నా.

ఒక సీరీస్‌లో ముసలి ఎలుగుబంటి వాక్ సైకిల్ (మళ్లీ మళ్లీ తిప్పి వాడే నడక) నాకు వచ్చింది. ఎన్నిసార్లు చేసినా సూపర్‌వైజర్ ‘బరువు లేదు’ అని వెనక్కి పంపేవారు. రిఫరెన్స్ కోసం మా నాన్నని మెట్లు ఎక్కించి దిగించి ఫోన్‌లో తీశాను. ఆయనకి ఎడమ మోకాలు వంగదు, అందుకే నడుమంతా పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంటుంది. “ఎలుగుబంటికి నేనా? సింహం ఏదీ దొరకలేదా?” అంటూనే 23 సార్లు నడిచాడు. ఆ ఒరగడం నాలుగు ఫ్రేములు ఆలస్యం చేశాను, బరువు వచ్చేసింది. షాట్ అప్రూవ్.

నాన్న పోయి రెండేళ్లు. ఆ క్లిప్‌లు చూడ్డానికి నాకు ఇంకా ధైర్యం చాల్లేదు. పోయిన నెల ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది, వేరే స్టూడియోలో రిగ్గింగ్ (బొమ్మ కదలడానికి లోపల ఎముకలు, కీళ్లు అమర్చే పని) చేస్తుంది, ముక్కూ మొహం తెలీదు. వాళ్ల కొత్త ప్రాజెక్ట్‌కి పాత సీరీస్ ఫైళ్లు చేరాయట. ‘ఎలుగుబంటి నడక చాలా బాగుంది. ఎవరిది? మా తాత ఇలాగే నడిచేవాడు’ అని అడిగింది. మా నాన్నదని చెప్పాను. ఫైల్ పేరు మార్చలేకపోయిందట గానీ, నోట్స్‌లో ‘కుమారి గారి నాన్న నడక, కెలకొద్దు’ అని రాసిందట.

ఇప్పుడా నడకే మరో నాలుగు జంతువులు నడుస్తున్నాయి.

గొంతుమాత్రమే
ఆఫీసులో కూర్చున్నదాన్ని ఏడ్పించారు.

కొత్తగాచేరా
అక్కా, ఇంట్లోవాళ్లని ఇలా వాడుకోవడం అందరూ చేస్తారా?

ఎడిట్‌టేబుల్
మొదటి నుంచీ ఉన్నదే. మాక్స్ ఫ్లైషర్ రోటోస్కోప్ (తీసిన సినిమా మీద ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గీసుకునే పరికరం) కనిపెట్టినప్పుడు (పేటెంట్ 1917లో వచ్చింది) కెమెరా ముందు జోకర్ బట్టలేసుకుని గెంతింది ఆయన సొంత తమ్ముడు డేవ్. దాని మీద గీసిందే కోకో ది క్లౌన్ అనే కార్టూన్ జోకర్. రోటో గారి పనికి మూలపురుషుడు కూడా తమ్ముడి చేతుల చుట్టూ గీతలు గీసుకున్నవాడే. ఇంకా దగ్గరిది కావాలంటే మాన్‌స్టర్స్ ఇంక్ (2001) సినిమాలో బూ అనే పసిపిల్ల గొంతు. అక్కడి స్టోరీ ఆర్టిస్ట్ రాబ్ గిబ్స్ కూతురిది. అంత చిన్నపిల్ల మైకు ముందు కుదురుగా నిలబడదు కదా, మైకు పట్టుకుని దాని వెనకాలే తిరిగారు.

మట్టిబొమ్మ
పసిపిల్లలంటే టాయ్ స్టోరీ 2 కథ ఉండనే ఉంది. 1998లో పొరపాటున ఎవరో డిలీట్ కమాండ్ నడిపితే సినిమా ఫైళ్లు కళ్లముందే మాయమయ్యాయి. బ్యాకప్ చూస్తే అదీ పని చేయడం లేదు. టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సుస్మన్‌కి అప్పుడే బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పని చేస్తున్నారు. ఆవిడ ఇంటి కంప్యూటర్లో ఒక కాపీ ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చారు, పసిబిడ్డని తెచ్చినట్టు.

రెండర్_99శాతం
ఇది వచ్చింది కాబట్టి నేనూ చెప్పేస్తా. నవ్వొద్దు.

మా స్టూడియోలో రాత్రిళ్లు రెండర్ ఫార్మ్ (మేం చేసిన షాట్లని చివరి బొమ్మలుగా మార్చే కంప్యూటర్ల గుంపు) చూసుకునేవాడు ఒకడుండేవాడు. మా ఇద్దరికీ పడేది కాదు. నా షాట్లు బరువని చెప్పి క్యూలో చివరికి నెట్టేవాడు. మొహాలు చూసుకున్నది తక్కువ, ఇంటర్‌కంలో తిట్టుకున్నది ఎక్కువ. నా పేరు ఇక్కడ ఇలా ఎందుకుందో ఇప్పుడైనా అర్థమైందా? 99 దగ్గర ఆపేసేవాడు, వెధవ. నన్ను తీసేసిన రోజు రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు. ‘నీ చివరి షాట్ రెండర్ అవుతోంది, క్యూలో మొదట పెట్టా, అయ్యేదాకా లైన్లో ఉండు’ అన్నాడు. గంటన్నర. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. వాడు అప్పుడప్పుడూ శాతం చదివేవాడు. 40. 55. 71. అయ్యాక ‘100’ అని పెట్టేశాడు.

ఇప్పటికీ నాకు ఇంటర్వ్యూ ఉందంటే ముందురోజు రాత్రి ‘100’ అని మెసేజ్ వస్తుంది. ఆ ఒక్క అంకె, ఇంకేం ఉండదు.

పాతపెన్సిల్
మరి 40 మందిలో ఒక్కరూ మిగల్లేదన్నావు?

రెండర్_99శాతం
వాడు ఐటీ, మా 40లో రాడు మేడమ్.

ఎడిట్‌టేబుల్
రోటో గారు పత్తా లేరు. చెప్పారా, నాలుగో ఫ్లోర్‌లో దిగి మెట్లెక్కారా?

రోటోగీతలు
చెప్పాను. పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మళ్లీ లిఫ్ట్‌లోనే కలిశాడు. “ఏ ఫ్లోర్?” “ఆరు.” తలుపులు మూసుకోగానే గబగబా చెప్పేశాను. మీ ఫైట్ నేనే చేశాను, నాలుగు నెలలు, దెబ్బ వేసేముందు వేలు ఇలా రుద్దుతారు అని చేసి చూపించాను. ఆయన తన చెయ్యి కేసి చూసుకున్నాడు. రుద్దడానికి ప్రయత్నించాడు. బొటనవేలు ఎటో పోయింది, అలవాటు లేని చెయ్యి చూస్తే తెలిసిపోతుంది కదా. నాకు అప్పుడే కడుపులో దేవినట్టయింది. “ఇది నాది కాదండీ” అని నవ్వాడు, ఏ మాత్రం విసుక్కోకుండా. ఆరో ఫ్లోర్‌లో నాతో పాటు ఆయనా దిగాడు. ఫోన్ తీసి ఎవరికో కలిపి, “నిన్ను ఒకాయన కనిపెట్టేశాడు, మాట్లాడు” అని నా చేతికిచ్చాడు.

డూప్. తొమ్మిదేళ్లుగా ఆయనకి ఫైట్లు చేస్తున్న మనిషి. దవడ కూడా అతనిదే, ఆ పోలిక వల్లే తీసుకున్నారట. (అడుగులచప్పుడు గారూ, క్షమించండి.)

ఏం మాట్లాడాలో తెలీక వేలు సంగతే చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “మా మాస్టర్ కూడా చూడలేదు సార్ అది” అన్నాడు. ఎప్పుడో పైనుంచి పడ్డప్పుడు ఉంగరం వేలి కొసకి స్పర్శ పోయిందట. పిడికిలి బిగించే ముందు అది ఉందో లేదో చూసుకుంటాడట. లోపలికి మడిచానా లేదా అన్నది తెలీదు కదా, మడవకుండా కొడితే విరుగుతుంది.

ఆ తర్వాత అతను అడిగిన ప్రశ్న మీకు చెప్పాలి. “నేను బాగా చేశానా సార్?” అని. ఇంటికెళ్లి సినిమా వేస్తే అందరూ హీరోనే చూస్తారట, వాళ్లావిడతో సహా. వెనక్కి తిరిగే షాట్ గురించి చెప్పాను, బూటు కొంచెం జారి, సర్దుకుని, అదే ఊపులో కొట్టాడే, అది. “అయితే 11వ టేక్ పెట్టారా! 14 చేయించారు, నేను 11 పెట్టాలని దణ్ణం పెట్టుకున్నా” అన్నాడు. హీరో గారు పక్కన గోడకి ఆనుకుని మొత్తం విన్నారు, డబ్బింగ్ థియేటర్ నుంచి మనిషి వచ్చి పిలిచేదాకా.

ఆదివారం కలుద్దాం అన్నాడు.

అడుగులచప్పుడు
కుడికాలు బరువు అన్నానా లేదా?

కీఫ్రేమ్_కుమారి
ఆ పడ్డప్పటిదే అయ్యుంటుంది.

రెండర్_99శాతం
ఒన్ సైడ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 99 శాతం.

ఎడిట్‌టేబుల్
11వ టేక్ ఎంచిన ఎడిటర్ ఎవరో నాకు తెలుసు. ఆ దణ్ణం సంగతి ఫోన్ చేసి చెప్పాను. ‘బూటు జారింది కాబట్టే పెట్టాను’ అన్నాడు.

కొత్తగాచేరా
ఆదివారం అయిపోయింది. కలిశారా సార్?

రోటోగీతలు
కలిశాం. నాలుగు నెలలు చూశానా, జనంలో వెనక నుంచే గుర్తుపట్టాను. పిలిస్తే తిరిగాడు. ఆ మొహం మాత్రం నాకు కొత్త. చెయ్యి ఇచ్చే ముందు వేలు రుద్దుకున్నాడు. నేనూ రుద్దుకున్నాను, ఇద్దరం ఒకేసారి. చూసుకుని నవ్వుకున్నాం.

ఎడిట్‌టేబుల్
ఎన్ని ఫ్రేములు?

రోటోగీతలు
అతనిది పదకొండు. నాది ఇంకా కొంచెం స్లో.